పాత పర్సనల్ కంప్యూటర్‌కి సీ క్రాస్ కంపైలర్ ఎంచుకోవడం

క్రాస్ కంపైలర్ అంటే ఒక మెషీన్ మీద నడుస్తూ వేరే మెషీన్‌కి ప్రోగ్రామ్ తయారుచేసేది. మెషీన్ పేరు కన్నా ముందు అందులో ఏ ప్రాసెసర్ ఉందో చూడండి. కంపైలర్ దాన్ని బట్టే దొరుకుతుంది.

కమడోర్ 64, ఆపిల్ 2, అటారీ 8-బిట్ మెషీన్లలో ఉన్నది 6502 కుటుంబం; వాటికి సీసీ65 తీసుకోండి. జడ్80 ప్రాసెసర్ ఉన్న జడ్ఎక్స్ స్పెక్ట్రమ్, ఎమ్ఎస్ఎక్స్‌లకు జడ్88డీకే. 8088 ఉన్న ఐబీఎం పీసీకి ఓపెన్ వాట్‌కామ్ సరిపోతుంది; టార్గెట్ (ప్రోగ్రామ్ నడవాల్సిన వ్యవస్థ) డాస్, మెమరీ మోడల్ (కోడ్, డేటాకు మెమరీ కేటాయించే తీరు) స్మాల్ అని ఇవ్వండి.

సీసీ65లో ఎక్కువమంది తడబడేది టార్గెట్ దగ్గరే. మైనస్ టీ ఆప్షన్ ఇవ్వకపోతే అది కమడోర్ 64 కోసమే కట్టేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, ఆపిల్ మీద మాత్రం ప్రోగ్రామ్ నడవదు. సీసీ65లో ఫ్లోట్ (దశాంశ సంఖ్యల రకం) లేదు. ఇంట్ 16 బిట్లే, కాబట్టి 32,767 దాటే లెక్కకు లాంగ్ వాడండి.

6502 హార్డ్‌వేర్ స్టాక్ 256 బైట్లే. అందుకే లోకల్ వేరియబుల్స్ సాఫ్ట్‌వేర్ స్టాక్‌లోకి వెళ్తాయి, వేగం పడిపోతుంది. లూప్ కౌంటర్‌ని అన్‌సైన్డ్ క్యార్‌గా, స్టాటిక్‌గా ప్రకటిస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. రికర్షన్ ఉన్న (తనను తానే పిలుచుకునే) ఫంక్షన్‌లో మాత్రం స్టాటిక్ పెట్టకండి, విలువలు చెరిగిపోతాయి.

తయారైన బైనరీని ముందు ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) నడపండి. కమడోర్‌కి వైస్ ఉంది.