ఆంక్షల కాలంలో మామిడి గుజ్జు ఎగుమతి: ముందుగా చూసుకోవలసినవి

చిత్తూరు నుంచి తోతాపురి గుజ్జును రష్యాకు పంపదలచినవారు, సరుకు ఓడకెక్కకముందే ఆంక్షల తీరును అర్థం చేసుకోవాలి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో రష్యాకు వీటో (తీర్మానాన్ని అడ్డుకునే హక్కు) ఉండి అక్కడ ఆంక్షలు సాధ్యం కానందున, అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్, జపాన్ వంటి మిత్రదేశాలు తమ తమ చట్టాల కిందే రష్యా కేంద్ర బ్యాంకు నిల్వలను స్తంభింపజేశాయి. కొన్ని రష్యన్ బ్యాంకులను స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలు నడిపే వ్యవస్థ) నుంచి తొలగించారు. భారత్ ఈ ఆంక్షలలో చేరలేదు, ఆహార వ్యాపారాన్నీ అవి సాధారణంగా నిషేధించలేదు. చిక్కంతా డబ్బు చేతికి వచ్చే దగ్గరే.

ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) ముసాయిదా రాగానే, దాన్ని జారీచేసే బ్యాంకు, కొనుగోలుదారు, ఓడ పేర్లను అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్ ఆంక్షల జాబితాలలో ఒక్కొక్కటిగా వెతకండి. పేరు కనబడలేదని అంతటితో సరిపెట్టుకోకూడదు. అమెరికా నిబంధన ప్రకారం, ఆస్తుల స్తంభనకు గురైనవారికి 50 శాతం లేదా అంతకుమించిన వాటా ఉన్న సంస్థకూ అదే వర్తిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టవలసింది ఈ యాజమాన్య పరిశీలన మీదనే అని నా గట్టి అభిప్రాయం.

డాలరు చెల్లింపు సాధారణంగా అమెరికా బ్యాంకుల గుండా సాగుతుంది కనుక, 2022 జూలై 11న రిజర్వు బ్యాంకు ప్రకటించిన రూపాయి చెల్లింపు విధానం గురించి మీ బ్యాంకును లిఖితపూర్వకంగా అడగండి. జాబితాలు తరచూ మారతాయి. ఒప్పందం నాడు ఒకసారి, కంటైనరు చెన్నై రేవుకు బయలుదేరే నాడు మరొకసారి వెతికి, ఆ ప్రతులను తేదీతో భద్రపరచండి.