తుపాన్లకు ముందు డాబా, కుండీలు: ఎక్కడ కారుతోంది, ఎందుకు కారుతోంది

మనకు మంచు పడదు, చలికాలానికి ఇంటిని సిద్ధం చేసేదేముంది అనుకోకండి. బెజవాడ, గుంటూరు ఇళ్లకు అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపాన్లే. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. దసరా వెళ్లింది కదా, ఇక వానలేంటి అని డాబా సంగతి వదిలేయకండి.

డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయి

మేస్త్రీకి ఫోన్ చేసే ముందు దయచేసి తూము దగ్గరికి వెళ్లి చూడండి. ఎంత చెప్పినా ఈ ఒక్క పనే ఎవరూ చెయ్యరు. జాలీ మీద వేపాకు, కుండీల్లోంచి కొట్టుకొచ్చిన మట్టి, ఓ పాల కవరు ఉంటాయి. జాలీ తీసి శుభ్రం చేసి, రెండు బకెట్ల నీళ్లు గబగబా పొయ్యండి. ఒకరు కింద నిలబడి గొట్టంలోంచి అంతే జోరుగా పడుతున్నాయో లేదో చూడాలి. బెండులో మట్టి పేరుకుంటే చిన్న వానకు నీళ్లు పోతాయి, తుపానుకు ఎగదన్నుతాయి.

ఫ్యాను దగ్గర కారుతోంది, పైన స్లాబులో పగులే లేదు

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. డాబా అంతా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయిస్తారు, మళ్లీ వానకు అదే ఫ్యాను కప్పులోంచి చుక్కలు పడతాయి. చాలాసార్లు దోషం స్లాబుది కాదు, స్లాబులోని కరెంటు పైపుది. మేడ మీద లైటు కోసమో, పాత డిష్ వైరు కోసమో పైకి తీసిన ప్లాస్టిక్ పైపు మూత లేకుండా ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. దాని ముందు కుండీ పెట్టేసరికి ఎవరి కంటా పడదు. నీళ్లు ఆ పైపులో దిగి, ఎక్కడో ఉన్న గదిలో ఫ్యాను పెట్టెలోనో స్విచ్‌బోర్డులోనో తేలతాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. పగులులోంచి ఇంకే నీరు నిదానంగా దిగి, వాన వెలిశాక కూడా చెమ్మ మరకై పాకుతుంది. పైపులోంచి వచ్చేది వాన మొదలైన కాసేపటికే చుక్కలుగా పడుతుంది, చుట్టూ సీలింగ్ పొడిగానే ఉంటుంది.

ముందు మెయిన్ ఆపండి. తడి స్విచ్ ముట్టుకోవద్దు. తర్వాత కుండీలన్నీ జరిపి ప్రతి పైపూ వెతకండి. వాడని పైపుకు మూత బిగించండి. వైరున్న పైపుకు నోరు కిందికి తిరిగేలా బెండు వెయ్యండి. పైపు మొదట్లో గచ్చు వదిలేసి ఉంటే చెక్కి, సిమెంటుతో వాలుగా గట్టు కట్టించండి. లోపలి వైర్లు ఆరి, ఎలక్ట్రీషియన్ చూశాకే కరెంటు వెయ్యాలి.

వాన లేని రోజుల్లోనూ చెమ్మ

వానలు ఆగి చాలా రోజులైనా ఆరకపోతే అది చాలావరకు వాన నీరు కాదు. ట్యాంకు పైపో, బాత్రూమ్ పైపో. ప్లంబర్‌ని పిలవండి. పిట్టగోడ మొదట్లో పగుళ్లుంటే ఎండగా ఉన్నప్పుడే పూడ్చండి, తడి మీద వేసిన కోటింగ్ ఉబ్బి ఊడిపోతుంది.

కుండీ మొక్కలు పసుపెక్కుతున్నాయి

ఎరువు వెయ్యకండి. కుండీ ఎత్తి అడుగు చిల్లు చూడండి, మట్టితోనో వేళ్లతోనో మూసుకుపోయి ఉంటుంది. పుల్లతో పొడిచి, కింద పళ్లెం తీసేసి, ఇటుక ముక్కల మీద పెట్టండి. డాబా నీరూ కింద నుంచి పారిపోతుంది. మునగ కొమ్మలు గాలికి ఇట్టే విరుగుతాయి, పొడుగైనవి ముందే కొట్టించండి. తుపాను హెచ్చరిక వచ్చిందంటే పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉండకూడదు. కింద వీధిలో మనుషులు తిరుగుతుంటారు.