చేత్తో ట్యాగులు, కార్డులు – 4వ పాఠం: ఇంకు పట్టించడం, మళ్లీ మొదటి నుంచి

ఈసారి ఎంబాసింగ్ పౌడర్ (తడి ముద్ర మీద చల్లి వేడి చేస్తే కరిగి ఉబ్బెత్తుగా మెరిసే పొడి) మొదలుపెడతానని పోయిన పాఠం చివర్లో రాశాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. స్టాంపుతో బొమ్మ వేసి మీరు పంపిన ట్యాగుల ఫొటోలు వరసపెట్టి చూశాక, ఈ ముద్రల మీద పౌడర్ చల్లితే ఉన్న తప్పే ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఇంకా బాగా కనబడుతుంది తప్ప పోదు అని అర్థమైంది. కొందరికి బొమ్మ చుట్టూ అక్కర్లేని గీతలు పడ్డాయి. ఎక్కువమందికి గీతలు లావెక్కి, ఆకు ఈనెల మధ్య సందులన్నీ పూడుకుపోయాయి. ఇంకొందరికి ముద్ర చక్కగానే పడింది కానీ, మీద రంగు వేయగానే నల్ల ఇంకు కరిగి పువ్వంతా బూడిదరంగైపోయింది. చాలామంది రాసిన మాట ఒక్కటే: “స్టాంపు బాగోలేదేమో, ఇంకా గట్టిగా నొక్కాలేమో.”

స్టాంపు బాగానే ఉంది. గట్టిగా నొక్కితే ఇంకా పాడవుతుంది. ముద్ర బాగా వస్తుందా రాదా అన్నది కార్డు మీద నొక్కేటప్పుడు కాదు, అంతకుముందు ఇంకు పట్టించేటప్పుడే తేలిపోతుంది. ఆ సంగతి మూడో పాఠంలో రెండు వాక్యాల్లో చెప్పాను, ఈసారి పూర్తిగా చెబుతాను.

మనందరం చిన్నప్పటి నుంచి స్టాంపు వేయడం చూసింది పోస్టాఫీసులోనో బ్యాంకులోనో. ప్యాడ్ బల్ల మీద ఉంటుంది, స్టాంపు చేతిలో ఉంటుంది, ప్యాడ్ మీద రెండుసార్లు దబదబా కొట్టి కాగితం మీద ఒక్కటి వేస్తారు. అక్కడ తేదీ కనబడితే చాలు కాబట్టి ఆ పద్ధతి అక్కడ సరిపోతుంది. మనకు మామిడాకు ఈనె కూడా సన్నగా, తెగకుండా రావాలి. స్టాంపును ప్యాడ్‌లోకి నొక్కితే ఏమవుతుందో ఆలోచించండి. ప్యాడ్ మెత్తగా ఉంటుంది, స్టాంపు అందులోకి దిగబడుతుంది, అప్పుడు ఇంకు గీతల పైభాగానికే కాకుండా వాటి పక్క గోడలకీ, మధ్య పల్లాలకీ, చివరికి స్టాంపు అంచులకీ అంటుకుంటుంది. ఆ అంచుల ఇంకే మీ బొమ్మ చుట్టూ పడ్డ గీత. పల్లాల్లో చేరిన ఇంకే సందులు పూడ్చింది. దానికి తోడు గట్టిగా నొక్కారు కాబట్టి ఆ ఇంకంతా బయటికి వచ్చి పరుచుకుంది.

అందుకే తిరగేయండి. స్టాంపును బల్ల మీద బొమ్మ పైకి ఉండేలా పెట్టి, ప్యాడ్‌ను చేతిలో పట్టుకుని, దాని ముఖం కిందికి చేసి స్టాంపు మీద అద్దండి. ఈ పనికోసం అమ్మే ఇంక్ ప్యాడ్లలో మెత్త భాగం డబ్బా అంచు కంటే ఎత్తుగా ఉంటుంది చూడండి, అలా తిరగేసి అద్దడానికి వీలుగానే. స్టాంపు ప్యాడ్ కంటే పెద్దదైనా ఇబ్బంది లేదు, జరుపుకుంటూ అద్దుకోవచ్చు. అద్దడం అంటే పసిపిల్లకు పౌడర్ అద్దినంత తేలిగ్గా, ఆరేడు సార్లు, ప్రతిసారీ కొంచెం చోటు మారుస్తూ. రుద్దకండి, ఈడ్చకండి, తిప్పకండి. తర్వాత స్టాంపును కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఇంకు పట్టిన గీతలు తడిగా మెరుస్తాయి, పట్టని చోట మెరుపు లేక మసకగా కనబడుతుంది. ఆ మసకగా ఉన్న చోట మాత్రమే ఇంకోసారి అద్దండి. గీతల మధ్య ఇంకు చుక్కలుగా నిలబడి కనిపిస్తే ఎక్కువైందని లెక్క. తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి, ఇంకు వృథా అవుతుందని ఆ స్టాంపునే వేసేయకండి. అంచులకు అంటిన ఇంకును చూపుడువేలితో ఒక చుట్టు తుడిచేస్తే చాలు. నేను దూది వాడను, పోగులు స్టాంపుకు అంటుకుని ముద్రలో వెంట్రుకల్లా పడతాయి.

కొత్త క్లియర్ స్టాంపు (అవతలి వైపు కనబడే పారదర్శకమైన స్టాంపు) అయితే ఎంత అద్దినా ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. దాని మీద తయారీలో మిగిలిన నున్నటి పొర ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటివి క్లియర్ స్టాంపుకు తగలనివ్వకండి, పాడైపోతుంది. నల్ల మరక పోవడం లేదని కంగారు వద్దు, మరక వల్ల ముద్రకు ఏ నష్టమూ లేదు. ఎర్ర రబ్బరు స్టాంపులకు ఈ గొడవ ఉండదు, మొదటిసారే ఇంకు పట్టేస్తుంది. నన్నడిగితే చాలా సన్నని గీతలున్న బొమ్మలు రబ్బరులోనే కొనండి, క్లియర్ స్టాంపు సరిగ్గా ఎక్కడ పడుతుందో కనబడాల్సిన చోట, అంటే అక్షరాలకి, వాడుకోండి.

నొక్కడం గురించి రెండే మాటలు. నేరుగా దించి, రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు అరచేత్తో సమంగా ఆనించి, నేరుగా పైకి లేపాలి. ఊయల ఊపినట్టు అటూ ఇటూ ఊపితే అంచులు కూడా కార్డుకు తగులుతాయి.

“మరి పెడనలో కలంకారీ అచ్చు వేసేవాళ్లు అచ్చునే రంగులో ముంచి, పిడికిలితో గట్టిగా కొడతారు కదా” అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అక్కడ టేకు చెక్క అచ్చును లోతుగా చెక్కుతారు, కాబట్టి రంగు అడుగు పల్లం దాకా చేరదు. రంగు తొట్టెలో కూడా గుడ్డల మెత్త పరిచి ఉంటుంది, అచ్చును దాని మీద ఆనించి తీస్తారు తప్ప అదమరు. అన్నిటికంటే ముఖ్యం, బట్ట కింద బల్ల మీద గోనెలు, దుప్పట్లు పొరలు పొరలుగా పరిచి ఉంటాయి. పిడికిలి దెబ్బను ఆ మెత్త తీసుకుంటుంది, అందుకే ముద్ర అంతటా సమంగా పడుతుంది. మనం డైనింగ్ టేబుల్ గాజు పలక మీద కార్డు పెట్టి నొక్కుతున్నాం. గట్టి పలక మీద స్టాంపు మధ్యలో పట్టకపోతే ఇంకా బలంగా నొక్కుతాం, అంతే, అంచులు చెదిరిపోతాయి. కార్డు కింద పాత మౌస్ ప్యాడ్ ఒకటి పెట్టుకోండి. నేను పెట్టుకునేది అదే, అంతకంటే ఖరీదైనది ఏదీ అక్కర్లేదు. పెడన అచ్చు ఒకటి మీ ఇంట్లో ఉంటే కార్డు మీదా వేయొచ్చు. మౌస్ ప్యాడ్ చాలదు, దుప్పటి నాలుగు మడతలు వేయాలి. ఇంకును స్పాంజితో అద్దాలి. పనయ్యాక తడిగుడ్డతో తుడవాలి, నీళ్లలో నానబెట్టకూడదు.

ఇక నల్ల ఇంకు పాకిపోవడం. దీనికి కారణం మీ చేయి కాదు, మీ చేతిలోని ప్యాడ్. ఆఫీసు స్టాంప్ ప్యాడ్‌లో ఉండేది డై ఇంకు, అది నీళ్లలో కరుగుతుంది. ముద్ర ఆరిపోయినట్టే ఉంటుంది, కానీ వాటర్ కలర్ కుంచె తగిలినా, స్కెచ్ పెన్ తగిలినా మళ్లీ కదులుతుంది. స్కెచ్ పెన్నులో ఉన్నదీ నీళ్ల ఇంకే అన్న సంగతి మర్చిపోతున్నారు. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోతుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, పిల్లలతో కలిసి చేసేటప్పుడు హాయిగా ఉంటుంది. పిగ్మెంట్ ఇంకు కాగితం పైనే నిలుస్తుంది, ఆరడానికి టైం పడుతుంది, ఆ తడి వల్లే దాని మీద పౌడర్ అంటుకుంటుంది. సాల్వెంట్ ఇంకు, అంటే నీళ్ల బదులు ద్రావకంతో చేసినది, నున్నటి వాటి మీద కూడా ఆరుతుంది. జపాన్ కంపెనీ సుకినెకో తయారుచేసే మెమెంటో, వెర్సాఫైన్, స్టేజాన్ ఈ మూడు రకాలకీ మంచి ఉదాహరణలు, వరసగా. రంగు వేయాలనుకుంటే ముందు దేనితో వేస్తారో తేల్చుకోండి. వాటర్ కలర్ అయితే మెమెంటో కరుగుతుంది, వెర్సాఫైన్ బాగా ఆరాక నిలబడుతుంది. ఆల్కహాల్ మార్కర్ (నీళ్ల బదులు ఆల్కహాల్‌తో చేసిన ఇంకు ఉండే పెన్ను) అయితే మెమెంటో నిలబడుతుంది, స్టేజాన్ పాకుతుంది. కలర్ పెన్సిల్ అయితే ఆరాక ఏదైనా సరే. ఒక్కటే కొనగలిగితే నేనైతే నల్ల వెర్సాఫైన్ కొంటాను, సన్నగీతలు దానిలో వచ్చినంత బాగా నాకు వేరే దానిలో రాలేదు.

కాగితం సంగతి కూడా ఇక్కడే. పాత శుభలేఖలు కత్తిరించి ట్యాగులు చేశామని చాలామంది సంతోషంగా రాశారు. ఆలోచన నాకు చాలా నచ్చింది, నా దగ్గరా ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. కానీ ఈ మధ్య శుభలేఖలు చాలావరకు నున్నగా, మెరుపు పూతతో వస్తున్నాయి. ఆ పూత మీద డై ఇంకు ఇంకదు, పిగ్మెంట్ ఇంకు గంటల తరబడి తడిగానే ఉంటుంది, వానాకాలం కోస్తా ఊళ్లలో అయితే మర్నాటికీ అంతే. శుభలేఖ మూలన నాలుకతో తడి చేసిన వేలితో అంటి చూడండి. తడి గబుక్కున పీల్చుకుంటే వాడుకోవచ్చు, పైనే నిలిస్తే స్టేజాన్ ఉంటే తప్ప దాన్ని పక్కన పెట్టండి. కొనేటట్టయితే పూత లేని 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పే లెక్క) షీటు అడగండి. జిరాక్స్ కాగితం 70, 80 దగ్గర ఉంటుంది, ట్యాగుకు అది చాలదు, దారం కట్టగానే కన్నం చిరుగుతుంది.

తెలుగు అక్షరాల గురించి విడిగా చెప్పాలి. షాపుల్లో దొరికే అక్షరాల స్టాంపులు దాదాపు అన్నీ ఇంగ్లీషువే. ‘శుభాకాంక్షలు’ కావాలంటే ఊళ్లో రబ్బరు స్టాంపులు చేసే షాపులో చేయించుకోవడమే దారి, చవకగానే చేస్తారు. వాళ్లు అలవాటుగా చిన్న అక్షరాలతో చేసిచ్చేస్తారు, అప్పుడు ‘భ’లో చిన్న సందు, ‘క్ష’లో మెలిక, సున్నా లోపల ఖాళీ, అన్నీ మొదటి ముద్రకే పూడిపోతాయి. మన లిపి గుండ్రటిది, చాలా అక్షరాల్లో ఒక చిన్న గది ఉంటుంది, ఆ గదులు తెరుచుకుని ఉంటేనే చదవగలం. అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరుకు తగ్గొద్దని, సన్నటి ఫాంటు పెట్టమని చెప్పండి. తనలోనే ఇంకు నింపుకునే స్టాంపు వద్దని కూడా చెప్పండి, దాంతో రంగు మార్చుకోలేరు. పొడుగు మాట కంటే ‘శుభం’, ‘ప్రేమతో’ లాంటి చిన్న మాటలు ట్యాగు మీద బాగుంటాయి. ఇంట్లోనే పెన్సిల్ రబ్బరు మీద చెక్కుకునేవాళ్లు అక్షరాన్ని తిరగేసి చెక్కాలని గుర్తుంచుకోండి. పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి, ఆ రాసిన వైపు రబ్బరుకు ఆనించి వెనక గోరుతో రుద్దితే తిరగబడిన అక్షరం దానంతటదే దిగుతుంది.

ఇక ఈ వారం ట్యాగు. ఎ4 షీటును 10 బై 5 సెంటీమీటర్ల ముక్కలు చేయండి, పొడుగు వైపు షీటు వెడల్పుకు వచ్చేలా పెడితే పది వస్తాయి, అడ్డం తిప్పితే ఎనిమిదే. పై రెండు మూలలు కత్తిరించి, వాటి మధ్యలో కన్నం వేయండి. స్పాంజి ముక్కతో అంచుల నుంచి లోపలికి పసుపో లేత ఆకుపచ్చో డై ఇంకు గుండ్రంగా అద్దుతూ రండి, మధ్యలో తెల్లగా వదిలేయండి. పూర్తిగా ఆరాక నల్ల పిగ్మెంటుతో మామిడాకు, దాని కింద మాట. పురికొస కట్టండి. శాటిన్ రిబ్బన్ నాకు ఇష్టం ఉండదు, మీ ఇష్టం.

ప్రాక్టీసు కొంచెం కష్టంగానే పెడుతున్నాను, దయచేసి దాటేయకండి. మూడు సెంటీమీటర్ల లోపు ఉన్న ఒకే స్టాంపు తీసుకుని ఒక ఎ4 షీటు నిండా 40 ముద్రలు వేయండి, అడ్డంగా అయిదు, నిలువుగా ఎనిమిది. ఇంకు ఒకసారి పట్టించి రెండు ముద్రలు వేయాలి. రెండోది పాలిపోయినా పూర్తిగా రావాలి. రెండోది మొదటిదాని కంటే శుభ్రంగా వస్తే ఇంకు ఎక్కువ అద్దుతున్నారు. రెండోదానిలో సగం బొమ్మే వస్తే తక్కువ అద్దుతున్నారు. వరస దాటేకొద్దీ చేతికి ఆ లెక్క తెలియడం మొదలవుతుంది. తర్వాత పది ట్యాగులు ఒకే రకంగా చేసి పక్కపక్కన పేర్చండి. ఏది ముందు చేశారో, ఏది చివర చేశారో ఇంట్లోవాళ్లు చెప్పగలిగితే ఇంకో షీటు కోయాల్సిందే. ఫొటో పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి, ఫ్లాష్ పడితే తడి ఇంకు ఎక్కడుందో నాకు కనబడదు.

వచ్చే పాఠానికి పారదర్శక ఎంబాసింగ్ పౌడర్, దాన్ని కరిగించడానికి హీట్ గన్ (బాగా వేడిగాలి వదిలే పరికరం) కావాలి. ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ ఉంది కదా అని ఆగకండి. దాని వేడి చాలదు, పైగా పౌడర్ కరిగేలోపే ఊదేస్తుంది.