కాపీరైట్ పేరుతో మీ వీడియో తీసేశారా? తిరిగి తెచ్చుకోవడం ఎలా?

మెయిల్ చూడగానే టెన్షన్‌లో మిగతా వీడియోలు కూడా డిలీట్ చేసేయకండి. ముందు వచ్చింది క్లెయిమా, స్ట్రైకా చూసుకోండి. యూట్యూబ్‌లో ఈ రెండూ వేరు. క్లెయిమ్ చాలావరకు కంటెంట్ ఐడీ అనే సాఫ్ట్‌వేర్ పని. సాధారణంగా వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు హక్కుదారుకి పోవచ్చు. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం ఫిర్యాదు చేసి వీడియో తీయించడం. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్‌కే ఎసరు.

మనల్ని అడగకుండా ఎలా తీసేస్తారంటారా? అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం, ఫిర్యాదు అందగానే తీసేసిన కంపెనీకి యూజర్ తప్పు అంటదు. దాంతో ముందు తీసేసి, తర్వాత వింటున్నారు. పెద్ద వేదికలు ఎక్కువగా అక్కడివే కాబట్టి, మీరు ఏ దేశం నుంచి పోస్ట్ చేసినా ఈ చట్టం తగులుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీ వాడకం ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకుండానే వాడుకోవడానికి చట్టం ఒప్పుకునే వాడకం, అవుతుందా? ఎందుకు వాడారు, అసలు కృతి ఎలాంటిది, ఎంత భాగం తీసుకున్నారు, దాని అమ్మకానికి దెబ్బ తగులుతుందా అన్న నాలుగూ కలిపి చూస్తారు. విమర్శ, వార్త, పేరడీ అయితే మీ వాదనకు బలం ఉంటుంది. ‘పది సెకన్లే వాడాను’, ‘క్రెడిట్ ఇచ్చాను’ అంటే సరిపోదు. అలాంటి రూలేదీ లేదు.

క్లెయిమ్ అయితే డిస్ప్యూట్ నొక్కి కారణం రాయండి. జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజులుంటాయి. స్ట్రైక్ అయితే ముందు ఫిర్యాదు చేసినవారికే మర్యాదగా రాసి, వెనక్కి తీసుకోమని అడగండి. ఒప్పుకుంటే పని తొందరగా అయిపోతుంది.

ఒప్పుకోకపోతే మిగిలేది కౌంటర్ నోటిఫికేషన్, అంటే వీడియో తీయడం తప్పంటూ మీరు వేదికకు చట్టప్రకారం పంపే జవాబు. దీన్ని ఆషామాషీగా పంపకండి. మీ పేరు, చిరునామా అవతలివారికి చేరతాయి, రాసింది ప్రమాణపూర్వకమైన మాటగా లెక్క, కోర్టుకు లాగితే అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టే. పేరు దాచుకుని అధికారంలో ఉన్నవాళ్లను విమర్శించేవారు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే. పంపాక అవతలివారు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో వీడియో తిరిగి పెట్టాలి. వార్తల వీడియో అయితే అప్పటికే పాతబడిపోయి ఉంటుంది, అది వేరే సంగతి.

ఫెయిర్ యూజ్ అవునో కాదో ఆలోచించాకే హక్కుదారు తొలగింపు నోటీసు పంపాలని అమెరికా అప్పీల్ కోర్టు ఒకటి 2015లో చెప్పింది. యూరప్‌లోనైతే 2019 కాపీరైట్ డైరెక్టివ్ ప్రకారం తొలగింపుపై మీరు ఫిర్యాదు చేస్తే దాన్ని మనిషే పరిశీలించాలి. మీ అప్పీల్‌లో వీటిలో మీకు వర్తించేదాన్ని ప్రస్తావించండి. ప్రతి మెయిల్‌కీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.