పైనుంచి తీసిన ఫొటోల్లో రోడ్లు పట్టడం – 4: మాస్క్ నుంచి గ్రాఫ్ దాకా

పోయిన భాగం చివర్లో యూ-నెట్ మోడల్ (ఫొటోలో ప్రతి పిక్సెల్ రోడ్డా కాదా చెప్పే న్యూరల్ నెట్‌వర్క్) మనకి ఒక నలుపు తెలుపు బొమ్మ ఇచ్చింది, దాన్నే మాస్క్ అంటారు, రోడ్డున్న చోట తెలుపు, మిగతాదంతా నలుపు. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఐఓయూ స్కోరూ (మోడల్ చూపిన రోడ్డు, అసలు రోడ్డు ఎంత మేర కలిశాయన్న లెక్క) పర్లేదనిపిస్తుంది, కానీ దాన్ని పట్టుకుని మెహదీపట్నం నుంచి ఆరాంఘర్‌కి దారి చూపించమంటే చూపించలేదు. అందులో ఉన్నవి ఉత్త పిక్సెల్సే, ఏ రోడ్డు ఏ రోడ్డుతో కలుస్తుందన్న సంగతి ఎక్కడా లేదు. ఈసారి మన పని అదే, మాస్క్‌ని గ్రాఫ్‌గా, అంటే కూడళ్లూ చివరలూ (నోడ్లు), వాటిని కలిపే గీతలుగా మార్చడం.

ముందు మాస్క్‌లోని చిన్న చిన్న కన్నాలు పూడ్చేయండి. ఇది మానేస్తే చెట్టు కొమ్మ పడ్డ చోటల్లా గీత దాని చుట్టూ తిరిగి సున్నా చుడుతుంది. తర్వాత పైథాన్ లైబ్రరీ సైకిట్-ఇమేజ్‌లోని స్కెలిటనైజ్ ఫంక్షన్ నడపండి. అది ఉల్లిపొరలు ఒలిచినట్టు అంచుల నుంచి పిక్సెల్స్ తీసేస్తూ, రోడ్డు మాత్రం తెగకుండా చూసుకుంటూ, ఒక పిక్సెల్ వెడల్పు గీత మిగులుస్తుంది. ఆ గీత మీదున్న ప్రతి పిక్సెల్ చుట్టూ 8 గడుల్లో ఎన్ని తెల్లగా ఉన్నాయో చూడండి: ఒకటైతే రోడ్డు చివర, రెండైతే మధ్య భాగం, మూడూ ఆపైనైతే కూడలి. కూడలి పిక్సెల్స్ గుంపుగా తగులుతాయి, అన్నిటినీ ఒకే నోడ్ కింద కట్టేయండి.

ఇప్పుడు గ్రాఫ్ చూస్తే ప్రతి రోడ్డుకీ చిలవలు పలవలు కనిపిస్తాయి, మాస్క్ అంచు ఎక్కడ కాస్త ఉబ్బినా గీతకి ఒక కొమ్మ మొలుస్తుంది. 10 మీటర్ల కంటే చిన్నవన్నీ కొట్టేయమని చాలామంది చెప్తారు, నాకు నచ్చదు. పాతబస్తీ గల్లీకీ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకీ ఒకే కొలత ఏమిటి? ఉబ్బు వల్ల పుట్టిన కొమ్మ పొడవు దాదాపు ఆ రోడ్డు వెడల్పులో సగమే ఉంటుంది. కాబట్టి డిస్టెన్స్ ట్రాన్స్‌ఫార్మ్‌తో (ప్రతి రోడ్డు పిక్సెల్ నుంచి అంచు ఎంత దూరమో చెప్పే లెక్క) కొమ్మ మొదట్లో సగం వెడల్పు కనుక్కుని, కొమ్మ దానికి కాస్త అటూ ఇటూగా ఉంటేనే తీసేయండి, బాగా పొడవుంటే నిజం గల్లీయే అనుకోండి.

చెట్ల కింద, బిల్డింగ్ నీడల్లో తెగిపోయిన రోడ్లని అతకడం ఇంకో పని. ఎదురెదురుగా ఉన్న రెండు చివరలు దగ్గరగా ఉండి, దిశలూ కలిస్తే గీత గీసేయొచ్చు. కానీ మన ఊళ్లో నాలాకి అటొక కాలనీ రోడ్డు, ఇటొక కాలనీ రోడ్డు సరిగ్గా ఎదురెదురుగా వచ్చి ఆగుతాయి, గేటెడ్ కమ్యూనిటీ గోడ దగ్గరా అదే కథ. అక్కడ మీ కోడ్ లేని వంతెన కట్టేస్తుంది. అతికే ముందు ఆ మధ్య పిక్సెల్స్‌కి మోడల్ ఇచ్చిన ప్రాబబిలిటీ (రోడ్డయ్యే అవకాశం, 0 నుంచి 1 దాకా) చూడండి, మాస్క్‌లో తెలుపయ్యే 0.5 దాటకపోయినా 0.2, 0.3 ఉందంటే ఆశ ఉన్నట్టే, సున్నా దగ్గరుంటే వదిలేయండి.

అసలు పేచీ ఫ్లైఓవర్లతో. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, దాని కిందే మనందరం పిల్లర్ నంబర్ చెప్పి అడ్రస్ చెప్పుకునే రోడ్డు. మాస్క్‌లో రెండూ ఒకే తెల్ల పట్టీ, అడ్డంగా వచ్చే ప్రతి వీధీ దానికి కలిసినట్టే కనిపిస్తుంది, గ్రాఫ్ అక్కడల్లా ఒక కూడలి పెట్టేస్తుంది. పైన కారులో వెళ్లేవాడు అడ్డం వచ్చిన ప్రతి వీధిలోకీ దూకలేడు కదా! ఒక్క ఫొటోతో ఇది పూర్తిగా తేలదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్) వంతెన అని గుర్తు పెట్టి, ఏది పైనో ఏది కిందో చెప్పే లేయర్ నంబర్ ఇచ్చిన గీతలు తెచ్చుకుని, ఆ చోట్ల నోడ్లని విడగొట్టడమే నాకు తెలిసిన తేలిక మార్గం.

స్కోరు ఐఓయూతో చూడకండి. 5 పిక్సెల్స్ తెగినా ఐఓయూకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, దారి మాత్రం ఉండదు. స్పేస్‌నెట్ రోడ్ల పోటీలో వాడిన ఏపీఎల్ఎస్ కొలత, నిజం గ్రాఫ్‌లోనూ మీ గ్రాఫ్‌లోనూ రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి పొడవులు పోలుస్తుంది, దారే లేకపోతే పూర్తి పెనాల్టీ వేస్తుంది.

హోంవర్క్: మీ ఏరియా టైల్ (ఫొటో ముక్క) ఒకటి తీసుకుని గ్రాఫ్ చేయండి. కొలతలు మీటర్లలో రావాలంటే ముందు యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర జోన్‌కి మార్చుకోండి, సాఫ్ట్‌వేర్‌లో దాని గుర్తింపు నంబర్, అంటే ఈపీఎస్‌జీ కోడ్, 32644. మీ ఇంటి నుంచి కిరాణా కొట్టుకి దారి అడగండి, ఎక్కడ తెగిందో గుర్తు పెట్టుకోండి, వచ్చే భాగంలో ఆ టైల్‌తోనే పని.