ఇంగ్లండ్‌లో కౌన్సిలర్ అయితే అలవెన్స్, పెన్షన్ సంగతి ఎలా చూసుకోవాలి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు లోకల్ ఎలక్షన్లలో నిలబడదామనుకుంటే ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా సరే, ఐఎల్ఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంటే నిలబడొచ్చు, అది చాలామందికి తెలుసు. కానీ గెలిచాక డబ్బులెంత వస్తాయి, పెన్షన్ ఉంటుందా అని అడగాలంటే మాత్రం తెగ మొహమాటం, సేవ చెయ్యడానికొచ్చి డబ్బుల గురించి అడుగుతున్నాడేంటి అనుకుంటారని. దయచేసి అడగండి. రావాల్సింది అడగకుండా వదిలేస్తూ పోతే చివరికి ఆ సీట్లలో బాగా ఉన్నోళ్లు, రిటైరైనోళ్లు తప్ప ఇంకెవరూ కూర్చోలేరు.

ముందు మీ కౌన్సిల్ వెబ్‌సైట్లో మెంబర్స్ అలవెన్స్ స్కీమ్ అనే డాక్యుమెంట్ వెతకండి. 2003 నాటి రెగ్యులేషన్స్ ప్రకారం ఇది ప్రతి కౌన్సిల్‌కీ ఉండాలి. అందులో బేసిక్ అలవెన్స్ కౌన్సిలర్లందరికీ ఒకటే, లీడర్, కేబినెట్ మెంబర్, కమిటీ చైర్ లాంటి వాళ్లకి స్పెషల్ రెస్పాన్సిబిలిటీ అలవెన్స్ అదనం, ఇవి కాక ప్రయాణం ఖర్చులు, పిల్లల్నో పెద్దవాళ్లనో చూసుకోవడానికి మనిషిని పెట్టుకుంటే కేరర్ అలవెన్స్. సాయంత్రం ఆరున్నరకి మీటింగ్, ఇంట్లో చిన్న పిల్ల, బేబీసిట్టర్‌కి డబ్బులు మీ జేబులోంచి ఇచ్చుకుంటున్నారా? స్కీమ్‌లో ఉంటే రసీదు పెట్టి క్లెయిమ్ చెయ్యండి. ఎవరికెంత ఇచ్చారో పేర్లతో సహా ఏటా పబ్లిష్ చేస్తారు కదా అని భయపడి వదిలేసేవాళ్లున్నారు, అందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు.

ఇక ఆ అలవెన్స్ ఎంతుండాలో చెప్పేది ఇండిపెండెంట్ రెమ్యునరేషన్ ప్యానెల్. కనీసం ముగ్గురుంటారు, అందులో కౌన్సిలర్లు ఉండకూడదు. ప్యానెల్ సిఫార్సుని కౌన్సిల్ పరిగణనలోకి తీసుకోవాలి కానీ యథాతథంగా ఒప్పుకోవాలని లేదు, అందుకే రాజకీయంగా బాగోదని పెంపు వద్దనుకునే కౌన్సిళ్లు చాలానే. ప్యానెల్ లెక్క సాధారణంగా ఎలా ఉంటుందంటే, ఉదాహరణకి వారానికి 15 గంటలు, ఏడాదికి 780 గంటలు, గంటకి 18 పౌండ్లు అనుకుంటే 14,040, అందులో ఇంత భాగం స్వచ్ఛంద సేవ కింద అని తీసేస్తారు, మూడో వంతు తీస్తే 9,360 మిగులుతుంది. అంటే ఎన్ని గంటలు పడుతుందన్నదే ఇక్కడ అసలు విషయం. కాబట్టి ప్యానెల్ రివ్యూ వచ్చినప్పుడు ఊరికే తక్కువగా ఉందండీ అనకుండా, రెండు మూడు నెలలపాటు డైరీ రాసి పెట్టుకోండి, మీటింగ్ గంటలే కాదు, పేపర్లు చదవడం, రాత్రి పదింటికి డ్యాంప్ పట్టిన ఇంటి గురించి వచ్చిన ఫోన్, ఆదివారం ఈమెయిల్స్, అన్నీ, ఆ డైరీనే ప్యానెల్‌కి రాతపూర్వకంగా పంపండి. ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచుతున్న కౌన్సిలర్లు ఇలా పంపడం ఇంకా ముఖ్యం, వాళ్ల గంటలు ఎవరికీ కనపడవు కాబట్టి.

చేతికొచ్చేది చూసి కంగారుపడకండి. కౌన్సిలర్ ఉద్యోగి కాదు, పదవిలో ఉన్న మనిషి, అందుకే మినిమం వేజ్ వర్తించదు, కానీ ట్యాక్స్ మాత్రం జీతంలాగే పేస్లిప్‌లోనే కట్ అవుతుంది. ఇంకో ఉద్యోగం ఉంటే ఈ పేస్లిప్ మీద సాధారణంగా బీఆర్ అనే కోడ్ ఉంటుంది, అంటే ఈ అలవెన్స్ అంతటి మీదా 20 శాతం ట్యాక్స్. మీకు వేరే ఆదాయం లేకపోయినా బీఆర్ కనిపిస్తే వెంటనే హెచ్ఎంఆర్‌సీకి, అంటే ట్యాక్స్ ఆఫీసుకి, ఫోన్ చెయ్యండి. ఇంటి నుంచి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లే ప్రయాణానికి కౌన్సిల్ ఇచ్చే మైలేజీ మీద మాత్రం 2016 నుంచి మినహాయింపు ఉంది, లిమిట్ లోపల ఉంటే.

పెన్షన్ దగ్గరే నాకు కడుపు మండేది. 2003 నుంచి ఇంగ్లండ్ కౌన్సిలర్లు లోకల్ గవర్నమెంట్ పెన్షన్ స్కీమ్‌లో చేరే వీలుండేది, 2014 ఏప్రిల్ 1 నుంచి కొత్తవాళ్లకి ఆపేశారు, అప్పటికే ఉన్నవాళ్లకి కూడా ఆ టర్మ్ అయ్యేదాకే. వేల్స్, స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్ కౌన్సిలర్లకి మాత్రం అదే రకం స్కీమ్ అలాగే ఉంది. అదే పని, బోర్డర్ దాటితే పెన్షన్, ఇవతల సున్నా, ఇదేం న్యాయం? 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం మళ్లీ తెరుద్దామని కన్సల్టేషన్ పెట్టింది, కాబట్టి ఇప్పుడు పరిస్థితేంటో మీ కౌన్సిల్‌లో మెంబర్ల వ్యవహారాలు చూసే డెమోక్రటిక్ సర్వీసెస్ వాళ్లని అడిగి రాతలో తెప్పించుకోండి. 2014 ముందు ఆ స్కీమ్‌లో చేరి డబ్బులు కట్టినవాళ్లయితే పాత హక్కు ఎక్కడికీ పోదు, పెన్షన్ ఫండ్‌కి కొత్త అడ్రస్ ఇచ్చి స్టేట్‌మెంట్ అడగండి.

ఈలోగా మన చేతిలో ఉన్నవి రెండు. ఒకటి స్టేట్ పెన్షన్, ఫుల్‌గా రావాలంటే మామూలుగా 35 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు కావాలి, కనీసం 10 ఏళ్లు లేకపోతే ఏమీ రాదు. పెద్దయ్యాక ఇండియా నుంచి వచ్చినవాళ్లకి ఇది చాలా ముఖ్యం. 2025-26 లెక్క ప్రకారం ఒక చోట ఆదాయం 6,500 పౌండ్లు దాటితే, నేషనల్ ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యే 12,570 లోపే ఉన్నా, రూపాయి కట్టకుండానే ఆ ఏడాది లెక్కలోకొస్తుంది. అందుకే సేవాభావంతో అలవెన్స్‌లో కొంత వద్దని రాసిచ్చేవాళ్లు, వేరే ఉద్యోగం లేకపోతే, ఆ ఏడాదికున్న కింది లిమిట్ కంటే తగ్గకుండా చూసుకోండి, లేదంటే ఒక ఏడాది పెన్షన్ రికార్డు కూడా పోతుంది. రెండోది సొంతంగా పర్సనల్ పెన్షన్, 80 పౌండ్లు వేస్తే ట్యాక్స్ రిలీఫ్‌తో 100 అవుతుంది, ఆదాయం అసలు లేనివాళ్లు కూడా ఏడాదికి 2,880 దాకా వేసుకోవచ్చు.

ఉద్యోగం చేస్తుంటే ఇంకో మాట, 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ సెక్షన్ 50 కింద కౌన్సిల్ పనికి తగినంత టైమ్ ఇవ్వమని అడిగే హక్కుంది, జీతం ఇవ్వాలని మాత్రం లేదు. ప్రభుత్వం ఇచ్చే బెనిఫిట్స్ తీసుకుంటుంటే అలవెన్స్ మొదలయ్యే ముందే ఆ ఆఫీసుకి చెప్పండి, తర్వాత వెనక్కి కట్టమంటే కష్టం. డెలివరీ, అనారోగ్యం లాంటివుండి ఆరు నెలలు ఏ మీటింగ్‌కీ వెళ్లకపోతే పదవే పోతుంది, కాబట్టి ఆ గడువు అవ్వకముందే కౌన్సిల్ చేత లీవ్ ఆమోదింపజేసుకోండి.