మాయమైన విండోని వెనక్కి లాక్కురావడం

గాజువాకలో ఆఫీసులో ల్యాప్‌టాప్‌కి రెండో మానిటర్ తగిలించి పని చేస్తాను. ఇంటికొచ్చి తెరిస్తే ఎక్సెల్ టాస్క్‌బార్‌లో ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం కనిపించదు. లేని మానిటర్ మీదే ఉండిపోతుందన్నమాట. ఇన్నాళ్లూ రీస్టార్ట్ చేసేవాణ్ణి, సేవ్ చేయని షీట్ ఉంటే అదో టెన్షన్.

విండోస్‌లో ఇలా చేస్తే సరిపోతుంది. టాస్క్‌బార్‌లో ఆ ప్రోగ్రామ్ మీద ఒకసారి క్లిక్ చేయండి. ఆల్ట్ పట్టుకుని స్పేస్ బార్ నొక్కి, రెండూ వదిలేసి ఎమ్ నొక్కండి. మెనూ కనబడకపోయినా పర్లేదు. తర్వాత ఏదో ఒక బాణం కీ ఒక్కసారి నొక్కి మౌస్ కదపండి. విండో కర్సర్‌కి అతుక్కుని వచ్చేస్తుంది, కావాల్సిన చోట క్లిక్ చేసి వదిలేయడమే. మొదటిసారి నేను బాణం కీ మర్చిపోయి పది నిమిషాలు కుస్తీ పట్టాను.

విండో మాగ్జిమైజ్ అయి ఉంటే ఎమ్ పనిచేయదు. అప్పుడు ముందు ఆల్ట్, స్పేస్ నొక్కి ఆర్ కొట్టి, మళ్లీ మొదటి నుంచి చేయండి.

రెండు మానిటర్లూ తగిలించి ఉన్నప్పుడైతే ఇదంతా అక్కర్లేదు. విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణమో కుడి బాణమో కొడితే విండో పక్క మానిటర్‌లోకి దూకుతుంది.